బిల్లీ ఐలిష్ రెండో ఆల్బమ్ చేసిన నేరమేమిటి?

ఇంట్లో నడిపి సంతానానికి పట్టే గతే ఒక్కోసారి ఆల్బములకూ పడుతుంది. అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ 2019లో తెచ్చిన మొదటి ఆల్బమ్ గురించి ఆమె అభిమానుల్లో ఎవరిని కదిపినా గంటసేపు చెబుతారు. 2024లో వచ్చిన మూడోదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. నడుమ 2021 జులై 30న విడుదలైన ‘హ్యాపియర్ దేన్ ఎవర్’ ప్రస్తావన వస్తే మాత్రం, “ఆఁ, ఆ పేరు గల పాట ఒక్కటీ బాగుంటుంది” అని ఊరుకుంటారు. సమీక్షకులు దాన్ని మెచ్చుకోకపోలేదు. బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం దక్కకపోలేదు. అయినా 2022 గ్రామీలలో ఆమెకు ఏడు నామినేషన్లు వచ్చి, ఒక్క బహుమతీ రాలేదు. నిడివి ఎక్కువ, నడక మందం, మొదటిదానిలోని కొంటెతనం లేదు: ఇవీ దాని మీది అభియోగాలు.

నా లెక్కలో ఆమె ధ్వనిముద్రణలన్నిటిలోకీ కీలకమైనది అదే. మొదటి ఆల్బమ్‌నే మళ్ళీ చేసి ఇవ్వనందుకు శ్రోతలు దానికి శిక్ష వేశారన్నది నా ఫిర్యాదు.

ఈ ఫిర్యాదు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. బిల్లీ 2001 డిసెంబరు 18న లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. బడికి పంపలేదు, చదువంతా ఇంట్లోనే. ఎనిమిదేళ్ళ వయసులో ఆ ఊరి బాలల బృందగాన సంఘంలో చేరింది (ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది). నాట్యం నేర్పే టీచరు నృత్యానికొక పాట కావాలంటే, అన్న ఫినియస్ తన బ్యాండు కోసం రాసుకున్న ‘ఓషన్ ఐస్’ను చెల్లెలి చేత పాడించాడు. 2015 నవంబరులో దాన్ని సౌండ్‌క్లౌడ్‌లో పెట్టారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. 2017 ఆగస్టులో ‘డోంట్ స్మైల్ ఎట్ మీ’ అనే చిన్న సంపుటి వచ్చింది. 2019 మార్చి 29న వచ్చింది అందరూ చెప్పుకునే ఆ మొదటి ఆల్బమ్, ‘వెన్ వి ఆల్ ఫాల్ అస్లీప్, వేర్ డు వి గో?’

అది స్టూడియోలో పుట్టింది కాదు. హైలాండ్ పార్క్ అనే పేటలో, తల్లిదండ్రులున్న చిన్న ఇంట్లో, అన్నగారి పడకగదిలో, చాలా భాగం మంచం మీద కూర్చుని పాడింది. చెవికి దొరికిన చప్పుడల్లా పాటలోకి వచ్చి చేరింది. ‘బ్యాడ్ గై’లో ఆస్ట్రేలియాలో రోడ్డు దాటేచోట మోగే సంకేతాన్ని ఫోనులో పట్టుకొచ్చి వాడారు. ‘బరీ ఎ ఫ్రెండ్’లో పళ్ళ డాక్టరు డ్రిల్లు మోత వినిపిస్తుంది. ఆల్బమ్ మొదలయ్యేదే ఆమె పళ్ళ క్లిప్పు తీసి నవ్వే చప్పుడుతో. చిట్టచివర ‘గుడ్‌బై’ అనే పాట ముందరి పాటల నుంచి తలా ఒక ముక్క ఏరుకొచ్చి దండ గుచ్చుతుంది. ఇంత జాగ్రత్తగా కట్టిన సంపుటిని ఎక్కడో మధ్య పాట నుంచి వినటం, నవలను తొమ్మిదో అధ్యాయంలో అందుకోవటం లాంటిదే.

ఆగస్టులో ‘బ్యాడ్ గై’ అమెరికా పట్టికలో, అప్పటికి 19 వారాలుగా కదలకుండా కూర్చున్న ‘ఓల్డ్ టౌన్ రోడ్’ను దించి మొదటి స్థానానికి వెళ్ళింది. 2020 జనవరిలో నాలుగు ప్రధాన గ్రామీలూ ఒకే రాత్రి ఆమె ఒళ్ళో పడ్డాయి. 1981లో క్రిస్టఫర్ క్రాస్ తరువాత అలా జరగటం అదే మొదటిసారి. ఆమెకప్పుడు పద్దెనిమిదేళ్ళు.

ఈ కీర్తి అంతా గుసగుస మీద నిలబడింది. ఇక్కడే మనవాళ్ళలో చాలామందికి పేచీ. “గొంతు విప్పి పాడని పాట పాటేనా? ఇది గొణుగుడు” అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట అనేవాళ్ళు మైకు అనే వస్తువు ఏం చేసిందో మరిచిపోతున్నారు. 1925కు ముందు గ్రామఫోను రికార్డు చేయాలంటే గాయకుడు ఒక గరాటు ముందు నిలబడి గట్టిగా పాడాల్సి వచ్చేది. సున్నితమైన స్వరం ఆ సూదికి ఆనేది కాదు. విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చాకే బింగ్ క్రాస్బీ వంటివాళ్ళు పక్కన కూర్చుని మాట్లాడినట్టు పాడటం సాధ్యమైంది. అప్పుడూ ఇదే గొడవ, ఇది గానం కాదని. నూరేళ్ళ నాటి వాదాన్ని కొత్తగా కనిపెట్టినట్టు ఈ పిల్ల మీద ప్రయోగించటం సబబు కాదు. పైగా ఆమె పాటలో ఊపిరి తీసుకోవటం కూడా ఒక స్వరమే. పెదవులు విడివడే చప్పుడు కూడా తాళంలో పడుతుంది. బస్సులో ఫోను స్పీకరు మీద వింటే ఇవేవీ దొరకవు.

అయితే గుసగుసలో ఒక చిక్కుంది. గట్టిగా పాడలేని మనిషీ గుసగుసే పాడుతుంది, పాడగలిగి వద్దనుకున్న మనిషీ గుసగుసే పాడుతుంది. బయటినుంచి రెండూ ఒకటే. 2019 నాటికి ఆమెది ఏదో చెప్పటానికి మన దగ్గర ఆధారం లేదు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన బాండ్ సినిమా పాట ‘నో టైమ్ టు డై’ చివర గొంతు ఒక్కసారి పైకి లేచి, ఏదో ఉందన్న అనుమానం కలిగించింది. అంతే.

ఆ ప్రశ్నకు సమాధానమే రెండో ఆల్బమ్.

కరోనా కాలంలో, కచేరీ యాత్ర ఆగిపోయాక, అన్న కొత్త ఇంట్లో ఆ పాటలు చేసుకున్నారు. పదహారు ముక్కలు. మొదటిది ‘గెటింగ్ ఓల్డర్’. పందొమ్మిదేళ్ళ పిల్ల వయసు మీద పడటం గురించి పాడుతుందంటే నవ్వొస్తుంది, పాట విన్నాక నవ్వు రాదు. ‘నాట్ మై రెస్పాన్సిబిలిటీ’లో అసలు పాటే లేదు. తన శరీరం మీద లోకం చెప్పే తీర్పులకు జవాబుగా మాటలు మాత్రమే, అవీ నింపాదిగా. 2020 మార్చిలో కచేరీ మధ్య తెర మీద వేసిన చిన్న చిత్రానికి రాసుకున్న మాటలవి. వెంటనే వచ్చే ‘ఓవర్‌హీటెడ్’ అదే వాద్యాన్ని తీసుకుని దాన్ని పాటగా మారుస్తుంది. నిడివి ఎక్కువన్నవాళ్ళు సాధారణంగా దాటవేసే చోటు ఇదే. దాటవేస్తే, మాట పాటవటం అనే ఆ విద్య కనిపించదు మరి! వయసులో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ మీద చేసే పెత్తనం గురించి ‘యువర్ పవర్’ ఉంది. ఒక గిటారు, ఒక గొంతు. ఎక్కడా అరుపు లేదు. కోపాన్ని ఇంత మెల్లగా చెప్పిన పాట ఆమెదే మరొకటి చూపించమంటే నాకు తోచదు.

ఇక ‘గోల్డ్‌వింగ్’. బృందగానం సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఆంగ్ల స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ 1908-1912 మధ్య ఋగ్వేద సూక్తాలు కొన్నిటిని బృందగానాలుగా కట్టాడు. అందుకోసం సంస్కృతం నేర్చుకుని, ఇంగ్లీషు అనువాదాలూ తానే చేసుకున్నాడు. వాటిలో ఒకటి పదో మండలంలోని వేన సూక్తం. చిన్నప్పుడు బృందంలో పాడిన ఆ ముక్కతోనే బిల్లీ ‘గోల్డ్‌వింగ్’ను ప్రారంభించింది. వాద్యాలేవీ లేవు. తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి, గుడిలో పాడినట్టు పాడుతుంది. ఆ పైన డప్పు దెబ్బ మొదలై, ఒక అమాయకురాలికి ఈ వ్యాపారంలో జాగ్రత్తగా మసలుకొమ్మని చెప్పే పాట వస్తుంది. ఆ అమాయకురాలెవరో వేరే చెప్పాలా? పదమూడేళ్ళకు పాట పెట్టి, పదిహేడేళ్ళకు ప్రపంచం నోళ్ళలో పడిన పిల్ల తన పాత గొంతును పిలిచి కూర్చోబెట్టుకుని మాట్లాడుతోంది. వేదసూక్తం వచ్చిందని మనం పొంగిపోనక్కరలేదు. ఆమెకది బాల్యంలో నేర్చుకున్న పాట, అంతవరకే. ఆ ‘అంతవరకే’లోనే దాని బలం ఉందని నాకనిపిస్తుంది.

పేరుగల పాట, పదిహేనోది, అందరికీ తెలిసినదే కాబట్టి ఎక్కువ చెప్పను. సగం దాకా పాత రేడియోలోంచి వస్తున్నట్టు సన్నని గిటారు, మెత్తని గొంతు. అక్కడినుంచి ఎలక్ట్రిక్ గిటార్లు విరుచుకుపడతాయి, ఆమె అరుస్తుంది. రికార్డు పగిలిపోతుందేమో అన్నంత అరుపు. పద్నాలుగు పాటల పాటు అణిచిపెట్టినదంతా అక్కడ బయటపడుతుంది. ఆ పద్నాలుగూ వినకుండా ఈ ఒక్కటే వింటే, అదొక గట్టి పాట. విన్నాక వింటే, ఇన్నాళ్ళూ ఆమె గుసగుసలాడింది చేతకాక కాదని రుజువు. నడక మందం అన్నారే, ఆ మందమే ఈ అరుపుకు పెట్టుబడి.

దీని తరువాత వచ్చినవన్నీ వేరుగా వినిపిస్తాయి. 2022 జులైలో విడుదల చేసిన ‘గిటార్ సాంగ్స్’లో రెండే పాటలు. 2023లో ‘బార్బీ’ సినిమా కోసం పాడిన ‘వాట్ వాజ్ ఐ మేడ్ ఫర్?’లో మళ్ళీ గుసగుసకే వెళ్ళింది. ఆ పాటకు రెండో ఆస్కారూ వచ్చింది. 2019 గుసగుసకూ దీనికీ తేడా ఉంది. అరవగలదని మనకు తెలిశాక, అరవకపోవటం ఆమె నిర్ణయంగా వినిపిస్తుంది.

2024 మే 17 నాటి ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’ ఈ ఆస్తి మీదనే బతుకుతోంది. పది పాటలు, ముప్పావు గంట కన్నా తక్కువ. ముందుగా ఒక్క పాటనూ విడిగా విడుదల చేయలేదు, మొత్తం ఒకేసారి వినమన్నారు. ఈ రోజుల్లో అది సాహసమే. ‘ది గ్రేటెస్ట్’ చూడండి: మెల్లగా మొదలై ఉప్పెనగా లేచే ఆ కట్టడం ఎక్కడిది? నడిపిదాని దగ్గర తీసుకున్న అప్పు. మూడోదాన్ని పొగిడినవాళ్ళలో ఆ అప్పు సంగతి ఎత్తినవాళ్ళు నాకు తక్కువగానే కనిపించారు.

పొగడ్తే కాదు, మూడోదాని దగ్గర నాకొక పంటికింద రాయి కూడా ఉంది. ఒకే ఆల్బమ్‌ను రకరకాల రంగుల ఎల్పీలుగా అచ్చు వేసి అభిమానుల చేత మళ్ళీ మళ్ళీ కొనిపించటం దుబారా అని ఆమే 2024 మార్చిలో బిల్‌బోర్డ్ పత్రికతో అన్నది. న్యాయమైన మాట. రెండు నెలలు తిరక్కుండానే ఆమె ఆల్బమ్ ఎనిమిది రకాల ఎల్పీలుగా వచ్చింది. వాడేసిన సరుకుతో చేశాం, పర్యావరణానికి హాని తక్కువ అన్నారు. సరే, ఒక రకం చాలదా? విడుదలైన వారంలోనే డిజిటల్ రూపాలు కూడా అమ్మకానికి పెట్టారు, వేగం పెంచినవి, తగ్గించినవి. పట్టికలో రెండో స్థానం వచ్చింది. పాటల వరుసను అంత శ్రద్ధగా పేర్చుకున్న మనిషి, అవే పాటలను వేగం మార్చి అమ్మటానికి ఎలా ఒప్పుకుందో!

అయితే ఆ అమ్మకపు సరంజామాలో ఒక్కటి మాత్రం దాచుకోదగ్గది: వాద్యాలన్నీ తీసేసి గొంతు ఒక్కటే ఉంచిన ప్రతి. లెక్కల కోసమే చేసి ఉండవచ్చు గాక. ‘ఓషన్ ఐస్’ను ఒకసారి విని, వెంటనే ఆ ప్రతిలో ‘ది గ్రేటెస్ట్’ వినండి. రెండింటికీ మధ్య దాదాపు తొమ్మిదేళ్ళు. తరువాత తీరిగ్గా ‘గోల్డ్‌వింగ్’ మొదటి అరనిమిషం.