కొత్తగా వచ్చినవాళ్లకు మొదట ఏం చెప్పాల?



ఈ తూరి రాస్తున్నది చిన్నరైళ్ల గురించి. "తల నెరిసినాక బొమ్మరైళ్లేమప్పా" అని నవ్వేవాళ్లు నవ్వుకోండి, అయినా కడదాకా చదవండి. తెలిసినవాడు తెలియనివాడికి ఎట్ల చెప్పాల అనేదే ఇందులోని అసలు సంగతి.

నిజం రైలును ఒక కొలత ప్రకారం కుదించి, పట్టాలు, స్టేషను, గుట్టలు, చెట్లు అన్నీ అదే కొలతలో అమర్చి నడిపే సరదా ఇది. జర్మనీలో మార్క్లిన్ కంపెనీ 1891లోనే బొమ్మరైళ్ల పట్టాలకు వరుసగా కొలతలు పెట్టింది. ఇంగ్లండులో హార్న్‌బీ రైళ్లు 1920లో వచ్చినాయి. మన దేశంలో చూడాలంటే పుణెలో జోషీగారి చిన్నరైళ్ల మ్యూజియం 1998 నుంచి ఉంది. మన పక్క కూడా రైలు కూత వినబడితే చేతిలో పని వదిలేసి చూసే పిల్లలకు కొదవ లేదు. బాగలూరుకు రైలు లేకపోతే ఏమి, హొసూరు స్టేషను ఎంత దూరం?

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూడండి. ఒక పిల్లవాడో, రిటైరైన పెద్దాయనో "అన్నా, నాకూ ఇట్లాంటిది చేయాలనుంది, ఎట్ల మొదలుపెట్టేది?" అని అడుగుతారు. వచ్చే జవాబులు ఇట్ల ఉంటాయి. "ముందు హెచ్‌ఓ కావాల్నా, ఎన్ కావాల్నా తేల్చుకో." "డీసీసీ లేకుండా మొదలుపెట్టొద్దు, తర్వాత ఏడుస్తావు." "పట్టాలు జర్మనీవే కొను." "ఎనిమిదడుగులకు నాలుగడుగుల బల్ల చేయించు." చెప్పినవాళ్లు మంచివాళ్లే, చెప్పినదాంట్లో తప్పూ లేదు. అయితే అన్నీ కలిపి వింటే అడిగినవాడికి ఒకటే అర్థమవుతుంది: ఇది డబ్బున్నవాళ్ల పని, నాది కాదు. "సరే అన్నా" అని వెళ్లిపోతాడు. మళ్లీ అడగడు. బయటి దేశంనుంచి తెప్పించే ఇంజను ఒక్కటే పదివేలు దాటడం మామూలు. ఆ ధర విని నోరు మూసుకున్నవాడిని "ఆసక్తి లేదు" అనేస్తాము. ఆసక్తి ఉండింది, దాన్ని మొదటి జవాబే ఆర్పేసింది.

నేననేది ఇది. కొత్తవాడికి ఇచ్చే మొదటి సలహా కొనాల్సినవాటి పట్టీ కాకూడదు. ముందు మనం వాడిని అడగాల. తర్వాత ఈ వారమే చేతులతో చేయగల పని ఒకటి చెప్పాల. ఆ పని అయినాక చూడడానికి మనం అక్కడ ఉండాల.

అడగాల్సినవి మూడే. ఇంట్లో ఎంత చోటుంది? ఎంత ఖర్చు పెట్టగలవు? ఏ రైలంటే నీకు ఇష్టం? చాలామంది మొదటి రెండు అడుగుతారు, మూడోది మరచిపోతారు. ఎర్నాకులం ఇంటర్‌సిటీ హొసూరు దాటిపోతుంటే చూసి పెరిగినవాడికి స్విట్జర్లాండు కొండరైలు కొనిపిస్తే వాడి మనసు దానిమీద ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇక పని. పెరంబూరు ఐసీఎఫ్ పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, వెడల్పు సుమారు 3.25 మీటర్లు. హెచ్‌ఓ అంటే 87 వంతుల్లో ఒక వంతు. భాగించుకుంటే పొడవు ఇరవైనాలుగున్నర సెంటీమీటర్లు, వెడల్పు నాలుగుకు కొంచెం తక్కువ. పాత పెళ్లిపత్రిక అట్ట, స్కేలు, బ్లేడు, బంక చాలు. కిటికీలు గీసి, కోసి, రంగు పూస్తే ఒక ఆదివారంలో పెట్టె తయారు. అది వంకరగా వస్తుంది, రానీ. ఆ ఒక్క పెట్టెతో కొలత అంటే ఏమిటో వాడి వేళ్లకు తెలిసిపోతుంది. పుస్తకం చదివిస్తే వారం పట్టేది.

పట్టాల దగ్గరికి వచ్చినప్పుడు కూడా గదంత బల్ల అక్కర్లేదు. ఇంగ్లండులో అలన్ రైట్ అనే ఆయన చేసిన 'ఇంగిల్‌నుక్' అనే చిన్న అమరిక ఉంది. రెండు పాయింట్లు, మూడు పక్కదారులు, అంతే. ఒక దారిలో అయిదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. వ్యాగన్లు మొత్తం ఎనిమిది. చీటీలు తీసి, వచ్చిన వరుసలో అయిదింటిని ఇంజనుతో ముందుకూ వెనకకూ లాగి కూర్చాల. ఎనిమిదిలోనుంచి అయిదింటిని వరుసగా పేర్చే దారులు 6,720. చిన్న వ్యాగన్లయితే గోడకు కొట్టిన అయిదడుగుల పలక సరిపోతుంది. గుండ్రంగా తిరిగే రైలు నాలుగు రోజుల్లో విసుగు పుట్టిస్తుంది, ఇది పుట్టించదు.

"చవకగా మొదలుపెడితే రెండుసార్లు కొనాల్సి వస్తుంది, ముందే సరైనది చెప్పడం మేలు కదా" అని అనుభవం ఉన్నవాళ్లు అంటారు. ఆ మాటలో నిజముంది. ఒకరి పెట్టె ఇంకొకరి పట్టాలమీద నడవాలంటే కొలతలు కలవాల. అమెరికాలో ఈ సరదా ఉన్నవాళ్లు 1935లో జాతీయ సంఘం పెట్టుకుని కొలతలు ఖాయం చేసుకున్నది అందుకే. కాబట్టి మొదటిరోజు తప్పక చెప్పాల్సింది ఒకటుంది: ఒక కొలత ఎంచుకో, దాన్ని మార్చొద్దు. మిగతావి ఆగుతాయి. ఉదాహరణకు హెచ్‌ఓ పట్టాల నడుమ ఎడం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజు 1,676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19.3 దాకా వస్తుంది. అంటే హెచ్‌ఓ పట్టాలమీద మన రైలు నడిపితే పట్టాలు కొంచెం ఇరుకు. తెలిసినవాళ్లు దీనిమీద తెల్లారేదాకా వాదిస్తారు. నిజమే, కానీ అట్టపెట్టె చేస్తున్నవాడికి ఆ నిజం ఈ రోజు ఎందుకు? రైలు మధ్యలో ఆగిపోతే మోటారు పాడయిందని భయపడకుండా ముందు పట్టాలు, చక్రాలు తుడువు అని చెప్పండి. కరెంటు పట్టాలనుంచి చక్రాల ద్వారానే ఇంజనుకు అందాల. మన ఎర్రమన్ను దుమ్ము ఒక పొర చాలు దాన్ని ఆపడానికి.

మన పక్క ఉన్న బలం ఇంకొకటి చెప్తాను. హొసూరులో టైటాన్ గడియారాలు, అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ బండ్లు తయారవుతాయి. మిల్లీమీటరులో పదోవంతు తేడాను చేత్తో పట్టుకుని చెప్పగల అన్నలు ప్రతి వీధిలో ఉన్నారు. లేతు పట్టినవాడు, టంకం వేసేవాడు, మోటారు చుట్టేవాడు మన పక్కింట్లోనే ఉంటే, ఇంగ్లీషులో సముద్రం దాటి వచ్చిన సలహా కోసం ఎదురుచూడడం ఎందుకు? వాళ్లకు చిన్నరైళ్లు తెలియకపోవచ్చు, చేతిపని తెలుసు. వాళ్లు తెలుగులో చెప్తారు, "ఇట్ల పట్టుకోరా" అని చేయి పట్టి చూపిస్తారు. ఇంగ్లీషు రాదని అడగడానికి సిగ్గుపడే పిల్లవాడు ఆయన దగ్గర సిగ్గుపడడు.

అమెరికాలో ఎంఐటీ కాలేజీలో 1946లో ఒక చిన్నరైళ్ల క్లబ్బు మొదలైంది. పట్టాల కింది వైర్లు, స్విచ్‌లతో కుస్తీ పట్టిన ఆ కుర్రవాళ్లే తర్వాత కంప్యూటర్ల దగ్గరికి పోయి 'హ్యాకర్లు' అనే మాటను లోకానికి ఇచ్చినారు. అక్కడ కొత్తవాడు 40 గంటలు పని చేస్తే గది తాళంచెవి చేతికిచ్చేవాళ్లని చదివినాను. ఏం కొన్నావని అడగలేదు, ఎంతసేపు చేసినావని చూసినారు. నేను చెప్పేదీ అదే తీరు.

దీంట్లో మనకు పోయేదేమి అంటారేమో. చెప్తాను. తిరుపత్తూరునుంచి కృష్ణగిరికి 1905లో, మొరప్పూరునుంచి ధర్మపురికి 1906లో చిన్నగేజు రైళ్లు వచ్చినాయి. 1913లో ధర్మపురినుంచి హొసూరుదాకా అది సాగింది. పట్టాల ఎడం రెండున్నర అడుగులు. 1941 నాటికి అన్నీ మూతపడినాయి. ఆ బండిని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు తొంబై దగ్గరవాళ్లు. రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 8.8 వస్తుంది. అంగట్లో దొరికే ఎన్ పట్టాల ఎడం 9 మిల్లీమీటర్లు. చూసినారా, మన పోయిన రైలును హెచ్‌ఓ కొలతలో మళ్లీ కట్టడానికి పట్టాలు ఇప్పటికే తయారుగా ఉన్నాయి. కట్టే చేతులే కావాల. ఆ పని జర్మనీవాడు చేయడు, బెంగళూరువాడూ చేయడు. ఈ పక్క పిల్లవాడే చేయాల. వాడు అడిగిన మొదటి రోజే మనం వాడిని బెదరగొట్టి పంపిస్తే ఆ రైలు రెండోసారి మూతపడినట్లే.

అందుకే ఒక మనవి. మీలో ఈ పని తెలిసినవాళ్లుంటే, ఎవరైనా అడిగినప్పుడు మీ అలమారలో ఉన్నది చూపించే ముందు వాళ్లకు ఏ రైలు ఇష్టమో అడగండి. అట్టముక్క ఒకటి చేతికివ్వండి. పై వారం "ఎంతవరకు వచ్చిందిరా?" అని మీరే పలకరించండి. తెలియనివాళ్లు వెనకాడకండి, అడగండి. ఇంట్లో తొంబై ఏళ్ల అవ్వ, తాత ఉంటే, హొసూరు చిన్నబండి ఎట్ల ఉండేదో ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడిగి రాసిపెట్టుకోండి. దానికి రూపాయి ఖర్చు లేదు, కానీ ఎక్కువ రోజులు ఆగదు.