సన్మాన సభలు - మన్యపు బడులు

విద్యాసంవత్సరము ముగిసి బడులు మూతపడినతోడనే జిల్లా జిల్లాకును సన్మాన సభలు జరుగుట మన రాష్ట్రమున నొక యాచారమైనది. పూలతో నలంకరించిన వేదిక. దానిమీద మంత్రివర్యులు, కలెక్టరుగారు, జిల్లా విద్యాశాఖాధికారి. వారి ముందు వరుసగా నిలిచిన బాలబాలికలు. ఒక్కొక్కరి మెడలో పతకము, చేతిలో ప్రశంసాపత్రము, వెనుక కన్నులు చెమర్చిన తల్లిదండ్రులు. చూచువారికి నిది సంతోషకరమైన దృశ్యమే. 2025 జూనులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పదవ తరగతియందును ఇంటర్మీడియెటునందును మిక్కిలి మార్కులు తెచ్చుకొన్నవారికి "షైనింగ్ స్టార్స్" అను పేర జిల్లా కేంద్రములలో సన్మానము జరిపి, ఒక్కొక్కరికి 20 వేల రూపాయలును పతకమును ఒసగినది. అంతకుముందు 2023లో నుండిన ప్రభుత్వము "జగనన్న ఆణిముత్యాలు" అను పేర నిట్టి పనినే చేసినది. ఒకదానికి తెలుగు పేరే దొరకలేదు. రెండవదానికి దొరికినది గాని, ముందు పాలకుని పేరు లేనిదే యా ముత్యములు నిలువలేకపోయినవి. పేర్ల మాట యటుండనిండు.

ప్రతిభను గౌరవింపరాదని మేమనము. కూలి చేసి బ్రతుకు ఇంటి ఆడుబిడ్డ 600 మార్కులకు 590 తెచ్చుకొన్నప్పుడు ఊరు ఊరంతయు పొంగవలసినదే. ఆ 20 వేల రూపాయలు పై చదువునకు బస్సు ఖర్చులకో పుస్తకములకో అక్కరకు వచ్చును. ఆ సొమ్మును ఎవ్వరును తప్పుపట్టనక్కరలేదు. మా ప్రశ్న వేరు. ఈ సభ ఎవరిది? పిల్లలందరి చదువును తన బాధ్యతగా స్వీకరించిన జిల్లా, సంవత్సరాంతమున కొలదిమందిని మాత్రమే పిలిచి తక్కినవారిని ఇంటనుంచినచో, అది పిల్లల పండుగ యగునా, లేక జిల్లా తన్ను తాను మెచ్చుకొను పండుగ యగునా?

అంకెలు చూతము. 2025లో పదవ తరగతి పరీక్షకు కూర్చున్నవారు 6,14,459 మంది. ఉత్తీర్ణులైనవారు 4,98,585 మంది. అనగా నూటికి 81.14. పత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చినది ఈ అంకెయే. కాని ఒకదానినుండి మరియొకటి తీసివేసిన మిగులునది 1,15,874. ఇది ఎవ్వరి ఉపన్యాసములోను వినబడని సంఖ్య. 19 బడులలో ఒక్క విద్యార్థియైనను ఉత్తీర్ణుడు కాలేదు. ఫలితములు వెలువడినది ఏప్రిలు 23వ తేదీన. బడులకు ఆ సంవత్సరము చివరి పనిదినమును అదియే. తప్పిన పిల్లవాడు మరునాడు వచ్చి తన పంతులు నడుగుదమన్నను బడికి తాళము. ప్రత్యేక పరీక్షలు మే 19వ తేదీన మొదలైనవి. ఆ నడుమ నాలుగు వారములును వాడు ఎవరి దగ్గర కూర్చుండి చదివెను? జిల్లాలో దానిని గమనించుటకు సభ లేదు, వేదిక లేదు.

ఈ సగటు లెక్కలోపల మరియొక లెక్క కలదు. అది మమ్ము మిక్కిలి కలవరపెట్టినది. ఆ సంవత్సరము జిల్లాలన్నిటిలో కడపటిది అల్లూరి సీతారామరాజు జిల్లా: నూటికి 47.64. పాడేరు కేంద్రముగా 2022 ఏప్రిలులో ఏర్పడిన యా జిల్లాకు ఆ పేరెందులకు పెట్టిరో పాఠకులకు చెప్పనక్కరలేదు. 1922 మొదలు 1924 వరకు ఆ కొండలలో మన్యపు ప్రజలు తెల్లదొరల ప్రభుత్వమునకెదురు నిలిచిరి. వారి నాయకుడు 27 ఏండ్లైనను నిండకుండ కొయ్యూరులో ప్రాణము విడిచెను. అట్టివాని పేరు జిల్లాకు పెట్టుట ఒక ప్రతిజ్ఞ చేయుట వంటిది. ఆ ప్రతిజ్ఞ యెంతవరకు చెల్లినదో బడిలెక్క చెప్పుచున్నది. పరీక్షకు కూర్చున్న పిల్లలలో సగమునకు మించి తప్పిన జిల్లాలోను సంవత్సరాంతమున మెడలు వెదకి దండలు వేసినంతమాత్రమున ఆ పేరునకు న్యాయము జరిగినదందుమా?

కొండప్రాంతము, దారులు లేవు, వానాకాలమున వాగులు దాటరానివి, జబ్బుచేసినవానిని డోలీ కట్టి మోయవలసిన గూడెములు. కనుక ఫలితములిట్లే యుండునని చెప్పువారు కలరు. ఈ వాదమునకు సమాధానము దూరము పోయి వెదకనక్కరలేదు. అదే రోజున అదే చట్టముక్రింద ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా 2023లో నూటికి 87.47తో రాష్ట్రమునకు మొదటిది, 2024లో 96.37తో మొదటిది, 2025లో 93.90తో మరల మొదటిది. అక్కడను కొండలున్నవి, గూడెములున్నవి, సవర పిల్లలున్నారు, జాతాపు పిల్లలున్నారు. రెండు జిల్లాలును అన్నివిధముల సమానములని మేము వాదింపము. పార్వతీపురము, సాలూరు, పాలకొండ పట్టణములును వాని చుట్టునున్న మైదానమును ఆ జిల్లాకు కలవు, పాడేరు సీమకు అట్టి వసతి లేదు. ఆ భేదమునకు కొంత తగ్గింపు ఇచ్చినను, వరుసగా మూడేండ్లు మొదటి స్థానమునకును ఈ 47.64కును నడుమనున్న అగాధమును కొండలమీద నెట్టివేయుటకు వీలులేదు. ఒక మన్యము మొదట నిలువగా వేరొక మన్యము చివర నిలిచినదన్న, తేడా పిల్లలలో లేదని స్పష్టమే. మరి ఎందున్నది? బడిలో గురువులు నిండుగ నుండిరా? వెనుకబడినవానిని ఎన్నవ తరగతిలో గుర్తించిరి? రాత్రి చదువునకు దీపమున్నదా? ఇవి యడుగవలసిన ప్రశ్నలు. సన్మాన సభలో వీనిని అడుగువారు లేరు. అక్కడ ప్రశ్నలకు తావు లేదు, చప్పట్లకే తావు.

ఇక భాష మాట. పాడేరు సీమలో చాలమంది పిల్లలకు ఇంటిలో తెలుగు లేదు. కొందరి యింట కువి, కొందరి యింట కొండ భాష, కొందరి యింట ఆదివాసీ ఒరియా. చింతూరు వైపు కోయ. తెలుగే యింటి భాషగా గలవారును నున్నారు గాని, వారిని చూచి తక్కినవారిని లెక్కింపరాదు. ఆరవయేట బడిలో అడుగిడిన కువి బిడ్డకు మొదటి దినముననే తెలియని భాషలో అక్షరములు. అది కాస్త పట్టుబడునంతలో పాఠ్యపుస్తకములు ఇంగ్లీషు. పరీక్షకు వెళ్లునప్పటికి తల్లి భాష నొకటి, ఊరి సంత భాష నొకటి దాటి మూడవ భాషలో భౌతికశాస్త్రము వ్రాయవలెను. మైదానపు పిల్లవాడు ఒక గట్టు ఎక్కినచోట వీడు మూడు గట్టులెక్కుచున్నాడు. ఇద్దరికిని 35 మార్కులే హద్దు. ఆ హద్దును తగ్గింపుడని మేమనుటలేదు. మూడు గట్టులెక్కినవానికి 36 వచ్చినచో, ఆ 36ను సన్మాన సభ ఏ కొలతతో కొలుచుచున్నదని మాత్రమే యడుగుచున్నాము.

ఈ సంగతి మనవారికి తెలియనిది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి, సవరల భాషను తామే నేర్చుకొని, దానికి వాచకములను నిఘంటువును వ్యాకరణమును కూర్చి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టించిరి. నూరేండ్లకు పైబడిన మాట యిది. ఒక పంతులు తన జీతపు రాళ్లతో ఆరంభించిన పనిని ప్రభుత్వము తన బొక్కసముతో 2004 ప్రాంతమున గాని చేపట్టలేదు; అప్పుడు ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక వాచకములు వెలువడినవి. మంచి యారంభమే. దానిని ప్రతి గూడెపు బడికిని చేర్చి, ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుని అక్కడ నిలుపుట యన్న పని మాత్రము ఇంకను జరుగవలసియున్నది. ఏటేట ఆగస్టు 29న పంతులుగారి జయంతిని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనువారికి, ఆయన మొదట బలపము పట్టించినది ఎవరికో యొక్కసారి జ్ఞప్తి చేయుట తప్పు కాదనుకొందుము.

ఫలితములనుబట్టి మెప్పు పంచు పద్ధతి క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున మదరాసు రాజధానిలో ఇంగ్లీషువారు ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు విధానము నడపిరి. పరీక్షాధికారి వచ్చును, పిల్లలను పరీక్షించును, ఎన్ని తలలు గట్టెక్కిన అన్ని రూపాయలు. దాని ఫలమేమి? పంతులు గట్టెక్కగల తలలను చేరదీసి తక్కిన తలలను గోడకు ఆనించెను. ఆ విధానము నిష్ప్రయోజనమని దొరలే ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశకమున వదలుకొనిరి. దొరలు వదలినదానిని మనము సన్మానము పేర దొడ్డిదారిన తెచ్చుకొనుచున్నామేమో యని మా యనుమానము. నూటికి నూరు శాతము అని పెద్ద ఫ్లెక్సీ కట్టుటకై, వెనుకబడిన పిల్లలను పదవ తరగతికి ముందే మెల్లగా బయటికి పంపు బడులు కలవను ఫిర్యాదు చిరకాలముగా వినబడుచున్నది. 2022లో ప్రభుత్వమే ప్రైవేటు బడులు ర్యాంకుల ప్రకటనలు చేయరాదని నిషేధించి, తప్పినచో మూడేండ్లనుండి ఏడేండ్ల వరకు కారాగారమని శాసించినది. ఇంత కఠినమైన యుత్తరువు వెలువడిన దేశముననే, మరుసటి యేటనే ప్రభుత్వ వేదికమీద మార్కుల వరుస నిలువబెట్టబడినది. పరులకు కూడని ప్రకటన తనకెట్లు కూడినదో ప్రభుత్వమువారే చెప్పవలెను.

న్యాయస్థానమున ప్రతివాది హాజరు కానప్పుడు వాది చెప్పినదే విని ఏకపక్షముగా డిక్రీ ఇత్తురు. కాని అంతకుముందు ప్రతివాదికి సమను అందినదా యని న్యాయమూర్తి చూచును. అందనిచో ఆ డిక్రీ నిలువదు. మన సంవత్సరాంతపు సభలలో ఆ 1,15,874 మందికి సమను అందలేదు. వారి పక్షమున మాటలాడినవారును లేరు. తీర్పు మాత్రము వెలువడినది: వారు తప్పిరి.

2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలైన విద్యాహక్కు చట్టము 24వ సెక్షనున ఉపాధ్యాయుని విధులు చెప్పుచు, తల్లిదండ్రులతో సభలు జరిపి బిడ్డ హాజరు, నేర్చుకొను శక్తి, ప్రగతి వారికి తెలుపవలెనని విధించినది. పతకములను గూర్చి యందొక్క మాటయు లేదు. లెక్క చెప్పుటను గూర్చి కలదు. ఆ చట్టము ఎనిమిదవ తరగతితో ఆగిపోవునన్న సాంకేతికాభ్యంతరము మేమెరుగుదుము. ధర్మము ఎనిమిదవ తరగతితో ఆగిపోదు గదా. 2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలన్నిట ఒక్క దినముననే తల్లిదండ్రుల సభలు జరిగినవి. కావున ప్రతి బడిలోను ఒకేనాడు సభ జరుపుట అసాధ్యమని యిక ఎవ్వరును చెప్పజాలరు. డిసెంబరులో సాధ్యమైనది ఏప్రిలులోను సాధ్యమే.

మా సూచన యిది. సంవత్సరాంతపు పండుగ జిల్లా కేంద్రమునుండి ప్రతి బడికిని తరలవలెను. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల కానిండు, గిరిజన సంక్షేమశాఖవారి ఆశ్రమ పాఠశాల కానిండు, పది యేండ్లు చదివి పరీక్ష వ్రాసిన ప్రతి బిడ్డను పేరు పెట్టి పిలిచి వేదిక యెక్కింపవలెను. ఉత్తీర్ణుడా కాదా యన్న ప్రశ్న ఆ పిలుపునకు అడ్డు రాకూడదు. మన్యములో పదవ తరగతి వరకు బడి విడువకుండుట యన్నదే యొక గెలుపు. ఇంట తానే మొదట అక్షరము చదివిన బిడ్డలు వారిలో పెక్కుమంది. పిమ్మట ప్రధానోపాధ్యాయుడు ఊరివారి ముందు లేచి, ఈ తరగతిలో మొదట చేరినవారెందరు, నడుమ విడిచిపోయినవారెందరు, ఎందుకు పోయిరి, ఏ పాఠమునకు ఎన్ని నెలలు గురువు లేడు అను లెక్కను వారి భాషలో చదివి వినిపింపవలెను. ఆ లెక్కను విని సమాధానము చెప్పుటకు జిల్లా యధికారి యొకడు అక్కడ కూర్చుండవలెను. తప్పినవారి ప్రత్యేక పరీక్ష రుసుము ఆ సభలోనే కట్టించి, మేనెల నాలుగు వారములును వారికి పాఠము చెప్పువాడెవ్వడో, ఆశ్రమ పాఠశాలయైనచో వారికి అన్నము పెట్టువాడెవ్వడో అక్కడనే తేల్చవలెను.

ఇట్లు చేసిన తప్పుటయును ఘనకార్యమే యనుకొని పిల్లలు సోమరులగుదురని కొందరు పెద్దలు సెలవిత్తురు. తప్పినవాడెట్టి సోమరితనమున మునిగియున్నాడో వాని యింటికి పోయి చూచిన తెలియును. ఫలితముల మరునాడు పత్రిక తెరచి, ప్రాణము తీసుకొన్న పిల్లల వార్త లేని సంవత్సరమును మేమెరుగము. వానికి కావలసినది మందలింపు కాదు. బడి తలుపు ఇంకను తనకు తెరచియున్నదను నమ్మకము.

మొదటి స్థానము వచ్చిన పిల్లలకు పతకములు జిల్లా కేంద్రమున ఇయ్యవచ్చును, అడ్డులేదు. కాని కలెక్టరుగారు ఏడాదికి ఒకే యొక సభకు పోగలరన్న యెడల, అది పాడేరు ఘాటు మీద ఏదో యొక ఆశ్రమ పాఠశాలకు పోవుట మేలు. అక్కడ షామియానా అక్కరలేదు. ఆవరణలో చింతచెట్టు ఉండును. ఊరివారు సంత దినమున దిగివత్తురు గనుక తేదీని వారి నడిగి పెట్టుకొనవలెను. పిలుపు తెలుగుతోబాటు కువిలోను కొండ భాషలోను వ్రాయింపవలెను.