ద్రాక్ష సలహాలు కాదు, క్రషింగ్ తేదీ చెప్పండి!



2015 డిసెంబర్‌లో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటి నుంచి మనకు సలహాలకు మాత్రం కొదవ లేదు. 'చెరుకు పోతే పోయింది, పంట మార్చండి. వైన్ ద్రాక్ష వేసిన నాసిక్ రైతులను చూడండి' అంటున్నారు. సరే, నాసిక్‌నే చూద్దాం.

అక్కడ తెల్ల వైన్ కోసం పండించే రకాల్లో షెనిన్ బ్లాంక్ ఒకటి. ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ రకం నేడు దక్షిణాఫ్రికాలో అందరికంటే ఎక్కువగా పండుతోంది. 1990ల చివర్లో నాసిక్‌లో నాటారు. అక్కడ అది నిలబడింది ఒక్క నేల బలంతోనే కాదు. తోటల దగ్గరే వైన్ ఫ్యాక్టరీలు లేచాయి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్‌కు ప్రత్యేక విధానం తెచ్చింది. కోసిన పండు ఎండలో ఆగదు, త్వరగా పిండాలి. అందుకే ఫ్యాక్టరీ దగ్గర్లో ఉండాలి.

చెరుకు సంగతీ అంతే. కొట్టినంక ఆలస్యమైతే తూకమూ తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. దూరపు ఫ్యాక్టరీకి తోలితే లారీ కిరాయే మింగుతుంది. అందుకే చెరుకు వదిలి వరి, మక్క, పసుపు పట్టుకున్నాం.

తెలంగాణకు ద్రాక్ష కొత్త కాదు. తినే తెల్ల ద్రాక్ష అనాబ్-ఎ-షాహి 1890 ప్రాంతంలోనే హైదరాబాద్‌కు వచ్చింది. నగరం చుట్టూ పల్లెల్లో పందిళ్లెక్కింది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమూ ఉంది. అయినా ఎన్నో తోటలు ప్లాట్లయ్యాయి. కాపాడే విధానం లేకుంటే ఎంత మంచి రకమైనా మిగలదు.

పంట మార్చమనే పెద్దలను మేము ఒక్కటే అడుగుతున్నాం. ద్రాక్ష వేయాలంటే కడీలు, తీగలు, డ్రిప్పు కోసం అప్పు తేవాలి. కాపుకు ఏళ్లు ఆగాలి. ఆ పండు కొనేదెవరు? ఉన్న ఫ్యాక్టరీని నడపలేనివారు లేని ఫ్యాక్టరీని తెస్తారా?

నిజాం షుగర్స్ 1937లో పుట్టిన సంస్థ. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. పదమూడేళ్లకే గేటుకు తాళం పడింది. ఆ తర్వాత కమిటీలు, హామీలు చాలా విన్నాం. చెరుకు ఏడాది పంట. ఫ్యాక్టరీ తెరిచిన రోజున చెరుకు ఉండాలంటే ఏడాది ముందే నాటాలి. నమ్మకం లేకుండా ఎవరు నాటుతారు?

కాబట్టి మా డిమాండ్లు మూడు: క్రషింగ్ మొదలుపెట్టే తేదీని రాతపూర్వకంగా ప్రకటించాలి. దానికి ఏడాది ముందే విత్తన చెరుకు, పంట రుణం అందించాలి. తోలిన చెరుకుకు పద్నాలుగు రోజుల్లో డబ్బు కట్టాలి.

ఈ మూడూ చేసి చూపండి. ఏ పంట వేయాలో మేము చూసుకుంటాం.