మన గొంతులు ఎవరి పెట్టెలో?

కంప్యూటరు ప్రయోగశాలలో మూలపడియున్న ఒక పాత యంత్రమును గత సంవత్సరము మేము కొందరము దుమ్ము దులిపి బాగుచేసితిమి. దానిపై పాడ్‌కాస్టులను భద్రపరచు ‘ఆడియోబుక్‌షెల్ఫ్’ అను సాఫ్ట్‌వేరును నడిపితిమి. ఆ అనుభవమున మాకు కొంత సంతోషము, ఒక తీరని నష్టము కలిగినవి. రెండింటిని తోటి విద్యార్థులకును, కమిటీ పెద్దలకును విన్నవించుట మా విధి.

పాడ్‌కాస్టు రేడియో ప్రసంగము వంటిదే. కాని వేళకు కూర్చుండి వినవలసిన పని లేదు. ప్రసంగకర్త ఆర్.ఎస్.ఎస్. అను ఒక జాబితాను ప్రకటించును. అందు ప్రతి ప్రసంగపు ధ్వని ఫైలునకు చిరునామా ఉండును. ఆ జాబితాను చదువగల ఏ సాఫ్ట్‌వేరైనను ఆ ఫైలును దింపుకొనవచ్చును. ఇంత స్వేచ్ఛ ఉండియు మనలో పెక్కుమంది ఏదో ఒక పెద్ద సంస్థవారి యాప్‌కే అలవాటుపడినాము. 2018లో వెలువడిన గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడినపుడు శ్రోతలు మూటాముల్లె సర్దుకొని వేరొక చోటు వెదకుకొనవలసి వచ్చినది. అద్దె యింట నున్నవారికి ఇది తప్పదు.

ఆడియోబుక్‌షెల్ఫ్ అట్టిది కాదు. దాని మూల కోడు అందరికి తెరచియున్నది, వెల లేదు. జాబితా చిరునామా నిచ్చి, వేళ నిర్ణయించినచో క్రొత్త ప్రసంగములను తానే దింపి మన డిస్కులో ఉంచును. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క ఖాతా. ఎవరు ఎచ్చట ఆపినారో జ్ఞాపకముంచుకొనును. హాస్టలులో సగము విన్న ఉపన్యాసమును మరునాడు గ్రంథాలయములో అచ్చటినుండియే వినవచ్చును. బయటి ఇంటర్నెట్ తెగిపోయినను, దింపియుంచిన వాటిని ఆవరణలోపల వినుటకు అడ్డు లేదు.

దీనిని మేము డాకర్ కంటెయినరులో నడిపితిమి. 2013లో వెలువడిన ఈ డాకర్ పద్ధతిలో సాఫ్ట్‌వేరును, దానికి వలసిన సరంజామాను ఒక్క మూటగా కట్టి పంపుదురు. వంటపాత్రలన్నియు మూటలో వచ్చును. పొయ్యి మాత్రము, అనగా లినక్స్ కెర్నెల్, మన యంత్రమునదే. క్రొత్త కూర్పు వచ్చినపుడు పాత కంటెయినరును పారవేసి క్రొత్తది తెచ్చుకొనుటయే. ఎంత సులువో!

ఆ సులువే మమ్ము ముంచినది. కంటెయినరు లోపల వ్రాసిన దేదియు దానితోనే నశించును. నిలువవలసిన ఫోల్డర్లను బయటి డిస్కుకు ముడివేయవలెను. పాడ్‌కాస్టుల ఫోల్డరు, అమరికల ఫోల్డరు మేము ముడివేసితిమి. తరువాత ముషాయిరా కొరకు వేరొక ఫోల్డరును తెరచి, ముడి సంగతి మరచితిమి. మేమందరము ‘ఉస్తాద్’ అని పిలుచుకొను, పదవీ విరమణ చేసిన మా ఉర్దూ ఉపన్యాసకులు ఆ రాత్రి గంటసేపు చదివిన కవితలు అందులో నుండెను. ఎక్కించిన పిదప ఫోన్లలోని ప్రతులు తుడిచివేసితిమి. క్రొత్త కూర్పు తెచ్చిన నాడు జాబితాలో ఆయన పేరున్నది. నొక్కినచో ఫైలు లేదు. నిత్యము బ్యాకప్ జరుగుచున్నది గదా యని ధైర్యముతో దానిని విప్పితిమి. అందు ఖాతాలు, శీర్షికలు, ముఖచిత్రములు ఉండును గాని ధ్వని ఫైళ్లు ఉండవని అప్పుడు తెలిసినది. ఉస్తాద్‌తో ఈ మాట చెప్పుటకు మాకు వారము దినములు పట్టినది.

ఇట్టి ప్రమాదములకు జడిసి అంతయు ఏదో ఒక ఉచిత సంస్థకు అప్పగించుట మేలని కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. వారియెడ గౌరవముతోనే విభేదించుచున్నాము. లోపము యంత్రమునది కాదు, మాది. అంతకు మించి, దానికొక యజమాని లేకపోవుట. అధికారి పాస్‌వర్డు తుది సంవత్సరపు విద్యార్థి యొద్ద నుండెను. అతడు వెడలినచో తాళపుచెవి కూడ వెడలును. దానిని సీలువేసిన కవరులో కార్యాలయపు బీరువాలో ఉంచవలెను. ఒక ఉపన్యాసకుని, రెండవ సంవత్సరపు విద్యార్థి నొకనిని బాధ్యులుగా నియమింపవలెను. ధ్వని ఫైళ్ల రెండవ ప్రతికి బయటి హార్డ్‌డిస్కు ఒకటి కొనవలెను; కమిటీవారు భరింపవలసిన ఖర్చు ఇంతే. విలువైనది ఏదియు ఎక్కించక మునుపే కంటెయినరును కావలెనని తొలగించి, తిరిగి నిలిపి, ఏది మిగిలినదో చూడవలెను. ఆ పరీక్ష మేము చేయలేదు. ‘లేటెస్ట్’ అని వ్రాసి ఊరకుండక కూర్పు సంఖ్యను స్పష్టముగా పేర్కొనుట మంచిది. సర్వరును ప్రస్తుతమునకు ఆవరణ దాటి బయటికి తెరువనక్కరలేదు. తెరచినచో రక్షణకు వేరు ఏర్పాట్లు వలయును, అంతటి శక్తి మనకింకను లేదు.

ఉస్తాద్ మరల చదువుటకు అంగీకరించినారు. కాని ఆనాటి సభ, ఆ వాహ్‌వాలు మరల రావు. ఆ రాత్రి వెనుక వరుసలలో కూర్చుండి ఎవరైనను కొంతభాగమైనను రికార్డు చేసియున్నచో, దయచేసి గ్రంథాలయములో అందజేయ ప్రార్థన.