కేప్ హెన్రీ లైట్‌హౌస్‌ను మళ్లీ కొలవండి

అమెరికా నేషనల్ జియోడెటిక్ సర్వే డైరెక్టర్ గారికి,

వర్జీనియాలో చెసపీక్ అఖాతం అట్లాంటిక్‌లో కలిసే చోట నిలిచిన పాత కేప్ హెన్రీ లైట్‌హౌస్ కోసం ఈ లేఖ రాస్తున్నాను. మీ సంస్థకు మూలమైన తీర సర్వే 1807లో పుట్టింది. ఈ దీపం 1792లోనే వెలిగింది. రాజ్యాంగం వచ్చాక ఫెడరల్ ప్రభుత్వం చేపట్టిన మొదటి కట్టడం అదే. వైట్‌హౌస్‌కు వాడిన ఆక్వియా క్రీక్ ఇసుకరాయితోనే ఆ ఎనిమిది పలకల గోపురాన్నీ లేపారు. 1870ల్లో గోడలు బీటలు వారాయి. 1881లో పక్కనే ఇనుప లైట్‌హౌస్ కట్టి దీపాన్ని అక్కడికి మార్చారు. పాతదాన్ని మాత్రం కూల్చలేదు, తీర సర్వేకు ఆధారంగా ఉంచేశారు. ఆనాటి వాళ్ల ఆ ముందుచూపుకు చేతులెత్తి మొక్కాలి.

గోపురం సర్వేకు ఎలా ఆధారమవుతుందో మీకు తెలియనిది కాదు, మా తెలుగు పాఠకుల కోసం చెబుతున్నాను. స్థానం తెలిసిన రెండు చోట్ల థియోడలైట్ పెట్టి, దూరాన ఉన్న గోపుర శిఖరం వైపు కోణాలు కొలిస్తే, ఆ శిఖరం ఎక్కడుందో లెక్క తేలుతుంది. ఒకసారి తేలాక అదే మిగతా కొలతలకు ఆధారం. సముద్రంలో పడవ మీద లోతు చూసేవాళ్లు కూడా ఒడ్డున కనిపించే ఇలాంటి గుర్తులను సెక్స్టెంట్‌తో పట్టుకునే తాము ఎక్కడున్నామో తేల్చుకునేవారు. మన పొలాల్లో హద్దురాయి చేసే పనిని అక్కడ ఆ గోపురం చేసింది. రాయి కదిలితే పాత పటానికి నేల మీద పట్టు పోతుంది.

సరిగ్గా అదే నా బెంగ. ఉత్తర కరోలినాలో కేప్ హాటెరస్ లైట్‌హౌస్‌ను సముద్రం మింగకుండా 1999లో 2,900 అడుగులు లోపలికి జరిపారు. కట్టడం దక్కింది, సంతోషం. కానీ అది పాత పటాల్లోని చోట ఇప్పుడు లేదు. కేప్ హెన్రీ గోపురం మాత్రం కట్టిన చోటే ఉంది. దాని చుట్టుపక్కల నార్ఫోక్ ప్రాంతంలో నేల కుంగుతోంది, సముద్రమట్టం పెరుగుతోంది. నూరేళ్ల కిందటి ఒడ్డును నేటి ఒడ్డుతో పోల్చాలంటే రెండు కాలాల పటాల్లోనూ కదలని ఒకే బిందువు కావాలి. ఇంతకంటే మంచి సాక్షి ఆ తీరంలో మరెక్కడ దొరుకుతుంది?

అమెరికాలో స్థానాలు లెక్కగట్టే ఆధార చట్రమైన నాడ్-83కు బదులు మీరు ఉపగ్రహాల ఆధారంగా కొత్త చట్రం తెస్తున్నారు. అందులో పాత గుర్తులను ఉత్త గణిత మార్పిడితో సరిపెట్టవద్దు. ఈ గోపుర శిఖరాన్ని జీపీఎస్ ఆధార బిందువుల నుంచి స్వయంగా కొలిపించండి. పాత విలువలను, కొత్త విలువలను ఒకేచోట ప్రకటించండి. మరమ్మతుల్లో శిఖరానికి చేయి తగిలిన ప్రతిసారీ, ముందూ తర్వాతా కొలిచి రికార్డు చేసే పద్ధతిని గోపురాన్ని సంరక్షించే ప్రిజర్వేషన్ వర్జీనియా సంస్థతో కలిసి ఖరారు చేయండి. ఆ కొలతల చరిత్ర చెప్పే ఫలకం ఒకటి గోపురం కింద పెట్టించండి. ఇవన్నీ చేయడానికి గోపురం ఇంకా నిలబడే ఉంది. జాప్యం చేయకండి.

ఇట్లు,
తీరాల పటాలను ప్రేమించే ఒక తెలుగు ఇంజనీరు