సంతకమొక్కటే సాక్ష్యమా?

2024 నవంబరులో ఇటలీ దేశమునుండి ఒక వార్త వెలువడినది. పీసా నగర ప్రాసిక్యూటర్ల పర్యవేక్షణలో పోలీసులు సోదాలు జరిపి 2,100కు పైబడిన నకిలీ కళాఖండములను పట్టుకొన్నారు. పికాసో, వార్హోల్ మొదలుకొని నేటి బ్యాంక్సీ వరకు పెక్కుమంది పేర్లు వానిమీద నున్నవి. 38 మందిని విచారణ పరిధిలోనికి తెచ్చినారు. ఇవి అంగడికెక్కియుండినచో సుమారు 20 కోట్ల యూరోల నష్టము వాటిల్లెడిదని అంచనా. అంకెలు పెద్దవే. కాని వార్తలో అంతకంటె కలవరపెట్టు సంగతి వేరొకటి కలదు. నిందితులు మేస్త్రే, కొర్తోనా పట్టణములలో బ్యాంక్సీ ప్రదర్శనలు ఏర్పాటు చేయించి, కేటలాగు కూడ అచ్చువేయించినారని పరిశోధకుల ఆరోపణ. దొంగసొత్తు చీకటిసందులో చేతులు మారుట లోకమెరిగినదే. అది దీపముల వెలుగున, గోడమీద, మంచి చట్రములో వ్రేలాడినప్పుడు శంకించువాడెవ్వడు?

ఇట్టి మోసమునకు ముద్రాచిత్రము మిక్కిలి అనువైనది. కారణము దాని పుట్టుకలోనే యున్నది. తైలవర్ణ చిత్రము ఒక్కటే యుండును. రెండవది కనబడినచో ఒకటి నకలని పసివాడైనను చెప్పును. ముద్రాచిత్రము పుట్టుటయే పలు ప్రతులుగా పుట్టును. తెలుగువారి ఇండ్లలో తాతలనాటి రవివర్మ పటములు నేటికిని కానవచ్చును. 1894లో ముంబయిలో ఆయన ముద్రణాలయము వెలసిన పిమ్మట లక్ష్మీ సరస్వతులు దేశమంతట గోడలకెక్కినారు. అవి ఎన్నియచ్చయినవో ఎవరికి కావలెను? లక్ష్మీదేవి పటమునకు దండ వేయు ఇల్లాలికి ప్రతిసంఖ్యతో పనిలేదు.

పరిమిత ముద్రణ మార్గము వేరు. ఇందు కళాకారుడు రాగిరేకునో, రాతినో, కొయ్యపలకనో తానే సిద్ధపరచి, తన చేతగాని తన కనుసన్నలలో అచ్చరిచేతగాని యేబది ప్రతులు తీయించును. ఒక్కొక్కదాని అడుగున పెన్సిలుతో 12/50 అనియో, 13/50 అనియో వ్రాసి సంతకము చేయును. కళాకారుని సొంతమునకు, అచ్చరికి మరికొన్ని ప్రతులు విడిగా తీయుట వాడుక. అటుపిమ్మట రేకుపై అడ్డగీతలు గీసి దానిని రద్దుచేయుట సంప్రదాయము. కొనువాడు బొమ్మతోపాటు ఒక మాటను కూడ కొనుచున్నాడు: యేబదియొకటవ ప్రతి లేదన్న మాట. ధరలో పెద్దపాలు ఆ మాటకే.

ఆ మాట ఎంత తేలికగా చెడగలదో సాల్వడార్ డాలీ చరిత్ర చెప్పును. 1974లో ఫ్రాన్సు సుంకాధికారులు అండొరాకు పోవుచున్న ఒక లారీని నిలిపి చూడగా అందు 40,000 తెల్లకాగితములు దొరికినవి. ప్రతి కాగితముపైనను డాలీ సంతకమున్నది. బొమ్మ మాత్రము లేదు! మన పల్లెలలో వడ్డీవ్యాపారి ఖాళీ ప్రోనోటుపై రైతుచేత వేలిముద్ర వేయించుకొనుట ఎరుగుదుము. పాపము, ఆ రైతు గతిలేక వేయును. డాలీ వంటి లోకప్రసిద్ధునకు ఆ అగత్యమేమి? తరువాత ఆ కాగితములపై ఎవరేమి అచ్చువేసికొన్నను సంతకమును పరీక్షించువాడు నిజమైనదనియే తేల్చును. ఆతడు అబద్ధమాడుట లేదు. అడిగిన ప్రశ్నయే తప్పు.

తెరువు ఏర్పడిన పిదప నడచువారికి కొదువయుండదు. హవాయి దీవులలో ఒక చిత్రశాల యజమానులు డాలీ పేరిట నకిలీ ముద్రాచిత్రములు విక్రయించిన నేరమునకు 1990లో దోషులుగా తేలినారు. ఆ దశాబ్దపు తొలియేండ్లలోనే న్యూయార్కు ప్రాంతమున ఒక ప్రచురణకర్త కుటుంబమునుండి అధికారులు 70,000కు మించిన నకిలీ ప్రతులను స్వాధీనపరచుకొన్నారు. ఇట్టివి కొనువారిలో కోటీశ్వరులే యుందురనుకొనుట పొరపాటు. కూడబెట్టిన సొమ్ముతో గోడకొక అందము, ముదిమికొక ఆధారము చేకూరునని నమ్మిన సామాన్యగృహస్థులును ఈ వలలో పడుదురు.

సంతకము మాట అట్లుండ, రేకు నిజమైనదైనను చిక్కు తీరదు. రెంబ్రాంట్ 1669లో మరణించినాడు. ఆయన చెక్కిన రాగిరేకులు పెక్కు చేతులు మారి 18వ శతాబ్ది చివర పారిస్ వర్తకుడు బాసాన్‌ను చేరగా, అతడు వానితో మరల ప్రతులు తీయించినాడు. గీతలు రెంబ్రాంట్‌వే. సిరా, కాగితము, ఒత్తిడి పరులవి. అరిగిన రేకుపై గీత పలుచబడును, నీడల లోతు పోవును. వీనిని నకిలీలనలేము. కాని ఎప్పటి అచ్చో చెప్పక ఉత్త రెంబ్రాంట్ పేరే చీటీపై వ్రాసి గోడకు తగిలించు చిత్రశాల నిజము పలికినదందుమా?

శ్రద్ధగల చిత్రశాలకు చేయదగిన పని లేకపోలేదు. చట్రమునుండి కాగితమును తీసి వెలుతురుకు పట్టవలెను. పికాసో వోలార్ చిత్రమాల కాగితములో నీటిగుర్తు కనబడును. భూతద్దముతో చూచినచో యంత్రముతో ఫోటోపద్ధతిని అచ్చొత్తిన బొమ్మలో సన్నని చుక్కల వరుసలు బయటపడును. రాగిరేకు అచ్చులో సిరా కాగితముపై ఉబ్బెత్తుగా నిలుచును, రేకు అంచు దిగిన పల్లము వ్రేలికి తగులును. ఆపైన అచ్చరి పుస్తకములోని లెక్క, చేతులు మారిన వరుస చూడవలెను. బ్యాంక్సీ పక్షమున 2008లో ఏర్పడిన పెస్ట్ కంట్రోల్ సంస్థ ధ్రువపత్రమునకు డయానా ముఖముతో అచ్చువేసిన ఉత్తుత్తి పది పౌనుల నోటును చింపి సగము జతచేయును. రెండవ సగము తనవద్దనే దాచుకొనును. ఉపాయము చమత్కారమైనదే. అయినను ఇటలీలో దొరికినవారు ధ్రువపత్రములను, ముద్రలను సైతము కల్పించినట్లు వార్త. ఇక వార్హోల్ కృతులను నిర్ణయించుటకు వెలసిన మండలి వ్యాజ్యముల ఖర్చు భరింపలేక తప్పుకొనుచున్నట్లు 2011లో ప్రకటించినది. తీర్పరియే పీట దిగిపోయినాడన్నమాట.

కాబట్టి భారము అమ్మువానిపై పడక తప్పదు. కాలిఫోర్నియా రాష్ట్రము 1970లోనే చట్టము చేసి, అచ్చయిన సంవత్సరము, ప్రతుల సంఖ్య, రేకును రద్దుచేసినారా లేదా యను వివరములను విక్రేత వ్రాతపూర్వకముగా ఇయ్యవలెనన్నది. ముద్రాచిత్రములకై ప్రత్యేకించిన అట్టి చట్టము మన దేశమున లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము సామాన్యముగా మోసపోయినవారికి దిక్కు. ఒక్క రసీదుపై ఈ మూడు వివరములు వ్రాయించుకొనుటకు మాత్రము చట్టము రానక్కరలేదు.

ఇది తెలుగువారికి దూరపు సంగతి కాదు. 1925లో నాటి చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించిన కృష్ణారెడ్డి శాంతినికేతనమున నందలాల్ బోస్‌వద్ద చదివి, పారిస్‌లో హేటర్ నడపిన అటెలియే 17లో ముద్రాచిత్రకళకు క్రొత్తదారి వేసినవారిలో ఒకడైనాడు. రేకును వేర్వేరు లోతులలో చెక్కి, పలుచని సిరాలు, చిక్కని సిరాలు, మెత్తని రోలర్లు, గట్టి రోలర్లు వాడి ఒకే రేకుపై అన్ని రంగులను నిలిపి ఒకేమారు అచ్చుతీయు పద్ధతి అది. ప్రతిమారు సిరా క్రొత్తగా పట్టింపవలసియుండుటచే ఒక ప్రతివలె మరియొక ప్రతి అచ్చముగా నుండదు. అవి తోబుట్టువులవంటివి; పోలికలుండును, ముఖములు వేరు. ఫోటో తీసి యంత్రముపై గ్రుద్దిన నకలులో ఆ లోతు రాదు. అసలును ఒక్కమారైనను దగ్గరగా చూచినవారు దానిని గుర్తింపగలరు. మన విద్యార్థులలో అట్లు చూచినవారెందరు? ఆయన పేరు విన్నవారే అరుదు.

2018లో న్యూయార్కులో ఆయన కన్నుమూసినాడు. ఈ బొమ్మ నీదా యని అడుగుటకు ఇక ఆయన లేడు. ఆయన పేరిట రేపు ఏ హైదరాబాదు చిత్రశాలకో వచ్చు కాగితమును వెలుతురుకు పట్టి చూడవలసినవారు, అచ్చు లెక్కలు తెప్పించుకొని సరిచూడవలసినవారు ఆ చిత్రశాలవారే.