టికెట్టు పోయి శుభలేఖ వచ్చినది

మన చిన్నపట్టణములలోని పాత సినిమాహాళ్లు ఒకటొకటిగా మూతపడుచున్నవి. కొన్ని గిడ్డంగులైనవి, కొన్ని నేలమట్టమై దుకాణములకు తావిచ్చినవి, పెక్కు ఫంక్షనుహాళ్లుగా మారినవి. ఇట్టి వార్త పత్రికలలో వచ్చినప్పుడెల్ల రెండు తెఱగుల మాటలు వినబడుచున్నవి. బాల్యమున ఆ హాళ్ల నేలపై కూర్చుండి చూచిన బొమ్మలను దలచుకొని కన్నీరు నించువారు కొందఱు. చేతిలోని ఫోనునందే చిత్రము కనబడు దినములలో ఈ పెచ్చులూడిన గోడలకై యేడ్చుట యెందులకని నవ్వువారు మఱికొందఱు. ఇరుపక్షములవారును అసలు సంగతిని విడిచి మాటలాడుచున్నారని మా యభిప్రాయము. టికెట్టు వెల చెల్లించినవారి నెల్లరను, మీ రెవరి బిడ్డలని యడుగక లోనికి రానిచ్చిన ద్వారము మన పట్టణములలో నొక్కటియే యుండెను. అది మూతపడుచున్నది. అదే స్థలమున శుభలేఖ యందినవారికి మాత్రమే తెఱచుకొను ద్వారము వెలయుచున్నది. ఈ మార్పును గూర్చి సంస్కారప్రియులైన కుటుంబములవారు ఒక్క మాటయు పలుకకుండుట మాకు వింతగా నున్నది.

ఈ హాళ్లు పుట్టిన విధమును కొంత జ్ఞాపకము చేయుట యవసరము. మచిలీపట్నమున జన్మించిన రఘుపతి వెంకయ్యగారు చెన్నపట్టణమున ఛాయాచిత్రముల వృత్తిలో నుండి, క్రోనోమెగాఫోను అను యంత్రమును గొని, డేరా వేసి ఊరూర బొమ్మలు చూపుచు బర్మా సింహళములవఱకు పోయి వచ్చిరి. పిమ్మట చెన్నపట్టణమున గెయిటీ మున్నగు హాళ్లను గట్టించిరి. ఆంధ్రదేశమునకు శాశ్వతమైన హాలు 1921లో బెజవాడయందు వచ్చినది. దానిని మారుతి పేరిట పోతిన శ్రీనివాసరావుగారు నిర్మించిరి. అప్పటికే 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము అమలులో నుండెను. నాటి ఫిల్ము నిప్పు సోకిన భగ్గున మండు పదార్థము. అందుచే లైసెన్సు లేని చోట బొమ్మ చూపరాదని ఆ చట్టము విధించినది. పరీక్షింపబడని చిత్రమును చూపరాదనియు విధించినది. పాత హాళ్లలో ప్రొజెక్టరుగది మందపు గోడలతో, చిన్న చిన్న కన్నములతో కోటబురుజువలె నుండుటకు ఆ నిప్పుభయమే కారణము.

చిన్నయూళ్లకు మొదట వచ్చినవి టూరింగు టాకీసులు. డేరా, యంత్రము, నూనెయింజను బండ్లకెక్కి వచ్చెడివి. ప్రొజెక్టరు ఒక్కటే యుండుటచే రీలు మార్చునప్పుడెల్ల దీపము వెలిగించి కూర్చుండవలసినదే. వేయి యడుగుల రీలు పదునొకండు నిమిషములకు సరి. కొన్నాళ్లకు డేరా చుట్టును గోడ లేచినది, పిమ్మట రేకుల కప్పు వచ్చినది. అట్లు ఎన్నియో యూళ్లలో డేరాయే హాలైనది. తరువాతి కాలమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన వేంకటేశ్వరస్తుతి రికార్డు కప్పుమీది మైకునుండి మ్రోగినంతనే, టికెట్లిచ్చు వేళయైనదని చుట్టుప్రక్కల పల్లెలవారు బండ్లు కట్టెడివారు. తెరకు దగ్గఱగా నేల, దాని వెనుక బెంచీ, దాని వెనుక కుర్చీ: ఇదియే లోపలి వ్యవస్థ. ధనికుడు వెనుక కూర్చుండి, బీదవాని తలల మీదుగా బొమ్మ చూడవలసివచ్చిన చోటు మన సంఘమున మఱియొకటి మాకు గానరాదు.

ఇక సంస్కర్తల సంగతి. ఈ బెజవాడయందే 1911లో రామమోహన గ్రంథాలయము వెలసినది. ఈ బెజవాడయందే 1914లో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారును వారి మిత్రులును పుస్తకమును పల్లెకు జేర్చుటకు పడిన పాట్లు ప్రశంసింపదగినవి. 1935లో కాలువపై పుస్తకముల పడవను సైతము నడిపిరి. కాని ఆ దినములలో చదువనేర్చినవా రెందఱు? చెన్నపురి రాజధానిలో 1921 నాటికి ఇంచుమించు నూటికి పదిమంది మాత్రమే. తక్కిన తొంబదిమంది యొద్దకు డేరా వచ్చినది. మూకీచిత్రముల కాలమున తెరప్రక్క నొక వ్యాఖ్యాత నిలుచుండి, తెరమీది యక్షరములను, కథను బిగ్గరగా దెలుగున జెప్పెడివాడు. నిరక్షరాస్యుల కింతకంటె నుచితమైన పఠనమందిరము ఎవ్వరు కట్టించిరి? అయినను విద్యావంతుల గృహములలో సినిమాహాలు చెడుత్రోవకు మొదటిమెట్టని పేరుపొందినది. పుస్తకము మనదియు, బొమ్మ వ్యాపారులదియు నని సంస్కర్తలు పాలు పంచుకొనిరి. గ్రంథాలయమును సంఘము చేబట్టినది. హాలును లైసెన్సుదారునికి విడిచిపెట్టినది.

ఈ పంపకము తప్పని నిరూపించినవి తరువాతి చిత్రములే. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి మాలపిల్ల, 1939లో వారిదే రైతుబిడ్డ వచ్చినవి. ఆ యేడే కాళ్లకూరి నారాయణరావుగారి నాటకమునుండి వరవిక్రయము వచ్చినది. 1940లో బి.ఎన్. రెడ్డిగారి సుమంగళి వితంతువు సమస్యను చేపట్టినది. రైతుబిడ్డ జమీందారుల కోపమునకు గుఱియై కొన్ని తావుల నిషేధింపబడినది కూడ. వరశుల్కమును ఖండించుచు మాసపత్రికలలో నచ్చయిన వ్యాసములు ఒక్క రైతుకూలినైనను నిద్రలేపలేదు, అవి వాని చేతికి బోలేదు గనుక. నిషేధింపదగినంత బలము దేనికి గలదని జమీందారులు గుర్తించిరో దానిని సంస్కర్తలు గుర్తింపకుండుట విచారకరము.

స్త్రీల తరగతిని గూర్చి కొంత విపులముగా వ్రాయవలసియున్నది. ఏలయన ఈ విషయమున మా పాఠకులలో పెక్కుమంది మాతో నేకీభవింపరు. పాతహాళ్లలో స్త్రీలకు వేఱు స్థలముండెను. ఒక అడ్డుగోడ లేక పరదా, వేఱు వాకిలి, టికెట్టులకు వేఱు కిటికీ. ఘోషాను నిరసించువారు దీనిని నిరసించుట సహజమే. మేమును దానిని గౌరవచిహ్నముగా నెంచుట లేదు. పురుషుని చూపునకు హద్దులేదని యొప్పుకొని, దానికి బదులు స్త్రీని గోడచాటున నుంచుట యేమి న్యాయము? అయినను జరిగినదేమో చూడవలెను. దేవళమునకు, పుట్టింటికి దప్ప గడప దాటుట యెఱుగని కోడలు మధ్యాహ్నపుటాటకు నలుగురు పొరుగింటి యాడువారితో గూడి, ఏ పురుషుని తోడును లేకయే వెళ్లగలిగినది. అత్తగారి నొప్పించుటకు "ఆడవాళ్లవైపు వేఱుగా నున్నదిగదా అత్తయ్యా" అను నొక్కమాట చాలెడిది. చేతిలో తన పైకము, తాను కొన్న టికెట్టు, ఇంటిపని నుండి మూడుగంటల విడుదల. ఆ పరదా సిగ్గుచేటే గాని, ఆ సిగ్గుచేటుచాటుననే వేలకొలది స్త్రీలు వీథిలోనికి వచ్చిరి. తరువాత హాళ్లవారు నవీనత పేరిట అడ్డుగోడను దీసివేసిరి. మంచిదే. కాని గోడతోపాటు వేఱు కిటికీయు, స్త్రీలకు జెందిన చౌకస్థలమును తీసివేసిరి. అంతట స్త్రీ భర్త తోడనో, కుమారుని తోడనో మాత్రమే రావలసినదైనది. గోడ తొలగినందులకు సంతోషించిన సంస్కర్త యెవ్వడును ఆ కిటికీ యేమైనదని యడిగిన జాడ లేదు.

కులమును గూర్చిన మాట యింతకంటె గట్టిది. తమిళదేశమును గూర్చి వ్రాయుచు శివతంబిగారు 1981లో ఒక ముఖ్యవిషయమును ప్రతిపాదించిరి. తమిళులందఱును ఒకే కప్పుక్రింద గూర్చున్న తొలి ప్రదర్శనస్థలము సినిమాహాలే యనియు, అచ్చట స్థానమును నిర్ణయించునది కులము గాక టికెట్టు వెల యనియు వారి భావము. ఇది మన దేశమునకును వర్తించును. 1921లో మారుతి తలుపులు తెఱచునాటికి, హరిజనుల యాలయప్రవేశమునకు సంబంధించిన చెన్నపురి చట్టము రావలయునన్న నింకను పదునెనిమిదేండ్లు గావలెను. అది 1939లో వచ్చినది. అయితే ఈ మాటను బట్టుకొని, ఆ హాళ్లలో కులమే లేదనియు, అందఱు నన్నదమ్ములవలె నుండిరనియు వ్రాయు స్మృతికారులు పరమాసత్యము వ్రాయుచున్నారు. వారికి చుండూరును జ్ఞాపకము చేయవలసియున్నది.

1991లో, నాటి గుంటూరు జిల్లాలోని ఆ యూరియందు, సినిమాహాలులో ఒక దళితవిద్యార్థి కాలు ముందు గూర్చున్న అగ్రకులపు యువకునికి దగిలినది. దానిపై తగవు పెరిగినది. దళితులకు సాంఘిక బహిష్కారము విధింపబడినది. ఆగస్టు 6వ తేదీన ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. 2007లో ప్రత్యేకన్యాయస్థానము శిక్షలు విధించినది. 2014లో హైకోర్టు వానిని కొట్టివేసినది. ఈ ఘోరమునకు మూలములు భూమియందు, చదువునందు, ఊరి యధికారమునందు నున్నవి గాని యొక కాలియందు లేవని మే మెఱుగుదుము. కాని ఆ కాలు తగిలిన తావేది? వీథి వేఱు, బావి వేఱు, నివాసము వేఱుగా నున్న యూరిలో వీరిద్దఱును ముందువెనుకలుగా గూర్చుండగలిగిన చోటది. టికెట్టు అమ్మినవాడు వరుసను జూచెను గాని కులమును జూడలేదు. అది భరింపరానిదిగా దోచినవారు చేసినపని లోకమున కెల్ల దెలిసినది. అట్టి హాలు శాంతిసౌఖ్యముల నిలయమని చెప్పుట యెంత యసత్యమో, అది పోయినందున నష్టములేదనుటయు నంతే యసత్యము. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, 15వ యధికరణమున, దుకాణములను, హోటళ్లను పేర్కొన్న తావుననే బహిరంగ వినోదస్థలములను గూడ బేర్కొని, కులమునుబట్టి యెవ్వరికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. ఫంక్షనుహాలులో జరుగు పెండ్లికి ఎవరిని బిలువవలెనో ఆ యధికరణము చెప్పదు, చెప్పజాలదు. శుభలేఖలు పంచువారు బంధువర్గమును, దానివెంట కులమును జూచి పంచుదురు. నిన్నటివఱకు ఊరందఱు గూర్చున్న చోట నేడు ఒక్కొక్క దినము ఒక్కొక్క కులము కూర్చుండుచున్నది.

ఇందులకు హాలు యజమానులను దూషించుట సులభము. మేము దూషింపము. ఒక పెండ్లినాటి యద్దె యెన్నియో యాటల వసూలును మించునప్పుడు, వా రేమి చేయుదురు? ఇంటింట దూరదర్శిని వచ్చినది, వీడియో వచ్చినది, ఫిల్ముపెట్టెలు పోయి డిజిటలు యంత్రముల బాడుగ వచ్చినది. ప్రతి మార్పునకును యజమానియే పెట్టుబడి పెట్టవలసివచ్చినది. ప్రభుత్వము చేసినదేమి? 1939 నాటి చట్టము మొదలు 2017 జూలైలో జీయస్టీ వచ్చువఱకు టికెట్టు టికెట్టుపై వినోదపుపన్ను గట్టించుకొన్నది. నేలమీది కూలివాడును ఆ పన్ను గట్టినాడు. 2021 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 35వ సంఖ్యగల ఉత్తరువున, గ్రామములలోని శీతలయంత్రములు లేని హాళ్లకు అన్నిటికంటె చౌకస్థలము వెల 5 రూపాయలని నిర్ణయించినది. బీదవాని పక్షమని దానిని గొనియాడినవారు గలరు. ఆ వెలలకు విద్యుత్తుఖర్చులైన రావని ఆ డిసెంబరులో అనేక హాళ్లు మూసివేయబడినవి. 2022 మార్చిలో వచ్చిన 13వ ఉత్తరువు కనిష్ఠవెలను 20 రూపాయలు చేసినది. ఖర్చు పరునిది, కీర్తి తనది యను నట్టి దానమువలన ఏ హాలును నిలువదు. గ్రంథాలయమును మన మట్లు నడుపలేదుగదా! పుస్తకములు ఉచితముగా నీయవలెనని పుస్తకవిక్రేతల నాజ్ఞాపింపలేదు. 1960 నాటి గ్రంథాలయచట్టము ప్రకారము ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపన్ను గట్టుచున్నాము.

కనుక మా కోరిక స్పష్టము. ఏ పట్టణమున కడపటి హాలు మూతపడుచున్నదో అచ్చట పురపాలకసంఘము దానిని కొనవలెను, లేదా దీర్ఘకాలపు బాడుగకు దీసికొనవలెను. గ్రంథాలయపన్నువంటి చిన్నపన్నుతో నడుపవలెను. తెరముందు చౌకస్థలము మరల నుండవలెను. వారమున కొన్ని మధ్యాహ్నములు స్త్రీల కనుకూలమైన యాటలకు గేటాయింపవలెను. కొనుటకు శక్తిలేనిచోట, హాలును ఫంక్షనుహాలుగా మార్చుకొన ననుమతి యిచ్చునప్పుడు, నెలకు కొన్ని దినములు బహిరంగప్రదర్శనములకు విడువవలెనను నియమమైన బెట్టవలెను.

ఫోనులుండగా ఎవరు వత్తురని యడుగువారికి ఒక్క ప్రశ్న. మీ యింట ఆ ఫోను ఎవరి చేతిలో నున్నది? కొడుకు రాత్రి రెండుజాములవఱకు చూచిన నడుగువారు లేరు. కూతురు చూచినదేమో తల్లియు, అన్నయు పరీక్షించు గృహములను మేము చాల నెఱుగుదుము. ఇక పట్టణపు మల్టీప్లెక్సులున్నవిగదా యనువారు, తమ యింటి పనిమనిషి యొక్కదినపు కూలి యెంతో, అచ్చటి టికెట్టు వెల యెంతో ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనవలెను.

హాలు కూల్చుటకు గాని, మార్చుకొనుటకు గాని దరఖాస్తు పురపాలకసంఘమున బెట్టక తప్పదు. మీ యూరిలో నట్టి దరఖాస్తు విచారణకు వచ్చుదినమున మా చదువరులలో నలుగురు స్త్రీలును నలుగురు పురుషులును పోయి, నేలటికెట్టు కొనువా రికమీద నెక్కడ గూర్చుందురని సభ్యులను లిఖితపూర్వకముగా నడుగవలెను.